పుంగనూరు గాలిలో సగం హరికథ

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మదనపల్లెలో మా ఇంటికి బెంగుళూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. భుజాన సంచి, చేతిలో అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన రికార్డరు, ముఖంలో ఎదుటివాణ్ణి గౌరవించాలని ఇంటి దగ్గరే నిర్ణయించుకుని బయలుదేరిన వాళ్ళకుండే చిరునవ్వు. లైసెన్సు లేకుండా నడిచిన చిన్న ఊళ్ళ రేడియో స్టేషన్ల చరిత్ర రాస్తోందట, వాటి రికార్డింగులు ఎవరి అటక మీదైనా మిగిలి ఉంటే సేకరించి ఇంటర్నెట్టులో పెడుతుందట. ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా భౌతిక శాస్త్రం చెప్పి రిటైరైన నన్ను ఇంతవరకూ ఎవరూ చరిత్రలోకి రమ్మనలేదు. చట్టవిరుద్ధంగా గడిపిన ఒక్క సంవత్సరానికి మాత్రం ఆ మర్యాద దక్కింది.

ఆమెకు నా చిరునామా ఇచ్చింది కుప్పంలో ఉంటున్న మా బావ, అంటే మా అక్క భర్త. ఆ మాట విన్నప్పుడే నేను జాగ్రత్త పడి ఉండాల్సింది, ఎందుకంటే మా బావ నాకు మేలు చేయడం మానేసి చాలా కాలమైంది, మళ్ళీ మొదలుపెట్టే వయసు కూడా కాదు.

హాల్లో కుర్చీలో మా మామ కూర్చుని ఉన్నాడు. ఆయన నాకు రెండు విధాలా మామే, మా అమ్మకు తమ్ముడు, నా భార్యకు తండ్రి. ఎనభై దాటాయి, చెవులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తాయి, వచ్చిన చిక్కల్లా అదే. ఐదేళ్ళుగా మా ఇంట్లోనే ఉంటున్నాడు కానీ, నాకు పెళ్ళయిన నాటి నుంచి ఆ మధ్యాహ్నం వరకూ నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. కాఫీలో చక్కెర ఎక్కువైనా, ఫ్యాను తగ్గించాల్సి వచ్చినా గోడ గడియారంతో చెప్పేవాడు. గడియారం నేను కొన్నదే కాబట్టి ఆ సంభాషణలో నాకూ కొంత వాటా ఉన్నట్టేనని సర్దుకుపోతూ వచ్చాను.

మా స్టేషన్ రికార్డింగులేవీ లేవని ఆ అమ్మాయికి ఎంతో విచారంగా చెప్పాను. సాక్ష్యం మిగల్చకూడదన్నది మా మొదటి నియమమని, అదొక్కటే మేము పాటించిన నియమమని కూడా చెప్పాను. ఆమె నవ్వి, ఏ కల్మషమూ లేకుండా, మా మామ వినేటట్టుగా అడిగింది.

"హరికథ క్యాసెట్టు మీ దగ్గరే ఉందంట కదా అంకుల్? ఆ రోజు మీరు కాల్చింది కుప్పం అంకుల్ వాళ్ళ పెళ్ళి క్యాసెట్టంట."

మా మామ మెల్లగా గడియారం వైపు తిరిగాడు.

"కాల్చినాడని చెప్పినారే," అన్నాడు.

ఇందులో ఎవరు ఎవరికి ఏం ద్రోహం చేశారో మీకు తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి, రేడియో, టేపు కలిసిన టూ-ఇన్-వన్ మీద కుట్టుపువ్వుల గుడ్డ కప్పి, పైన గాజు చిలుకను పెట్టుకున్న రోజులకు. మా వైపు నుంచి కువైట్‌కు పోయినవాళ్ళు సెలవుకు వచ్చేటప్పుడు వాటిని తెచ్చేవాళ్ళు. ఆ సెట్లలో ఎఫ్ఎం అని ఒక గీత ఉండేది. ఆ గీత మీద ముల్లును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పినా మా ప్రాంతంలో హోరు తప్ప ఏమీ వినిపించేది కాదు, అయినా జనం అప్పుడప్పుడూ తిప్పి చూసేవాళ్ళు, ఖాళీ ఇంటి తలుపు తట్టి చూసినట్టు. మదనపల్లెలో రేడియోలు బాగుచేసే ఒక భాయి ఆ ఖాళీని అందరికంటే ముందు గమనించి, తన అంగడి అటక మీద చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చాక ఒక గంట పాటలు వదిలేవాడు. కుప్పంలో ఇంకెవరో మూడు భాషల్లో పాటలు, బెంగుళూరు రైలు ఆలస్యం సంగతులు చెప్పేవాళ్ళని విన్నాం. పుంగనూరులో ఆ ఘనకార్యం మాది.

నేను అప్పుడే బీఎస్సీ పూర్తి చేసి, చదువుకు తగిన ఉద్యోగం వచ్చేదాకా ఏ పనీ చేయకూడదన్న పట్టుదలతో ఉన్నాను. మా బావకు ఊళ్ళో మైకుసెట్టు అంగడి ఉండేది. పెళ్ళిళ్ళకు, చావులకు, ఎన్నికలకు ఒకే యాంప్లిఫయర్, ఒకే గరగర. భాయి దగ్గర కూర్చుని నేను సర్క్యూట్ నేర్చుకున్నాను, బావ సామాను తెచ్చాడు, అంగడి మిద్దె మీద బట్టలారేసే దండెం పక్కన ఏరియల్ కట్టాం. సర్కారుకు భయపడితే భయపడు గానీ ముందు చుట్టాలకు భయపడమని భాయి నన్ను పంపేటప్పుడు హెచ్చరించాడు. ఆయన తమాషాకు అన్నాడనుకున్నాను.

కొన్ని నెలలు సినిమా పాటలు, తప్పిపోయిన మేకల వివరాలతో కాలక్షేపం చేశాం. తర్వాత వేసవి వచ్చింది. మా వైపు వేసవిలో పద్దెనిమిది రోజుల ఉత్సవం జరుగుతుందని మీలో చాలామందికి తెలుసు, మధ్యాహ్నం హరికథ, రాత్రికి అదే కథ నాటకం. వానలు పడాలంటే కథ మొదటి నుంచి చివరిదాకా ఊరు కూర్చుని వినాలని నమ్మకం. ఆ ఏడాది హరికథ చెప్పడానికి కుదిరింది మా మామే. ఆయనది కురబలకోట పక్కన పల్లె, కొంత మెట్ట పొలం, కొన్ని గొర్రెలు, వాటికి మించిన గొంతు. నాకు ఆయన మీద ఎంత ద్వేషం ఉన్నా ఒక మాట ఒప్పుకోవాలి, ఆయన చిడతలు చేతబట్టి మొదటి శ్రుతి అందుకుంటే అంతవరకూ పోట్లాడుకుంటున్న వాళ్ళు కూడా ఎందుకు పోట్లాడుకుంటున్నారో మరిచిపోయేవాళ్ళు. ఆ గొంతు ఆయనదని నాకు అప్పట్లో గుర్తు రాలేదు. నాకు అది యాంప్లిఫయర్‌లో నుంచి వచ్చే వైరు మాత్రమే.

పందిట్లో మైకుసెట్టు ఎలాగూ మా బావదే. అక్కడి నుంచి మిద్దెల మీదుగా మా గదికి ఒక వైరు లాగి, ట్రాన్స్‌మిటర్‌కు తగిలించాం. మధ్యలో ఒక టేప్‌రికార్డర్ కూడా పెట్టాను. పగలు పొలానికి పోయిన వాళ్ళ కోసం సాయంత్రం మళ్ళీ వేసి, మర్నాడు దాని మీదే కొత్తది రికార్డు చేసేవాణ్ణి. మామను అడగలేదు. అడిగితే వద్దంటాడేమోనని భయం. మాకు తెలిసిన మర్యాద అంతే.

ఫలితం మేము అనుకున్న దానికన్నా బాగా వచ్చింది. మే నెల ఎండలో, పందిట్లో ఇసుక మీద కూర్చుని చెమటలు కక్కే బదులు ఇంట్లో తడిపిన గోనెపట్టా కిటికీకి కట్టుకుని పడుకుని వినొచ్చని ఊరికి తెలిసిపోయింది. సెట్టు ఉన్న ఇంటికి నాలుగిళ్ళ వాళ్ళు చేరేవాళ్ళు. రోజురోజుకూ పందిరి పలచబడింది. నేను మాత్రం వీధిలో నడుస్తూ ప్రతి ఇంట్లోంచీ మా స్టేషన్ వినిపిస్తుంటే, ఒక శాస్త్రవేత్తకు తగిన వినయంతో తల వంచుకుని పోయేవాణ్ణి.

పదమూడో రోజు మధ్యాహ్నం. కథలో పదహారేళ్ళ కుర్రవాడు శత్రువుల వ్యూహంలోకి ఒంటరిగా దూరే ఘట్టం. లోపలికి పోయే దారి తెలుసు, బయటికి వచ్చే దారి తెలియదు. పేరు మీకు చెప్పక్కర్లేదు. మామ ఆ రోజు చెప్పినట్టు నేను మళ్ళీ ఎవరి నోటా వినలేదు. గదిలో ఒక్కణ్ణే హెడ్‌ఫోన్ పెట్టుకుని, ముల్లు ఊగడం చూస్తూ, స్టేషన్ పేరు పెట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. కుర్రవాడు వ్యూహంలోకి దూరాడు. చిడతలు ఆగిపోయాయి. మృదంగం రెండు దెబ్బలు అదనంగా వేసి అదీ ఆగింది.

"ఇండ్లల్లో మంచాలెక్కి వినే అమ్మలారా, అయ్యలారా," అన్నాడు మామ, కథ చెప్పే గొంతుతోనే. "ఈడ నా ముందర ఎవురుండారో మీకు కనపడదు, నేను సెప్తా వినండి. పూజారి ఉండాడు, ఆయప్పకు యాడికీ పోయే దారి లేదు. మైకుసెట్టు మనిషి ఉండాడు. సెనిక్కాయలమ్మే ఆమె ఉండాది. ముసిలోళ్ళు ఇద్దురుండారు, వాళ్ళల్లో ఒకడు నిద్దరపోతాండాడు. మొగాలు కనపడకుండా కత సెప్పేది ఎట్లప్పా నేను? నాకొక అక్క కొడుకుండాడు. బీయస్సీ సదివినాడు."

అంతవరకే విన్నాను. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ నా గురించి తర్వాతి వాక్యం వినబోతున్నారని తట్టగానే నా చెయ్యి ట్రాన్స్‌మిటర్ ప్లగ్గు మీదికి పోయింది. పీకేశాను. హెడ్‌ఫోన్ బల్ల మీద పారేసి, కిందికి దిగి, సైకిలెక్కి పలమనేరు రోడ్డు మీద కాళ్ళు నొప్పులు పుట్టేదాకా తొక్కాను. అవమానం జరిగిన చోటు నుంచి దూరంగా పోవడం అప్పట్లో నాకు చాలా తెలివైన పనిగా కనిపించేది.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి మామ లేడు, మదనపల్లె బస్సెక్కి వెళ్ళిపోయాడన్నారు. పందిట్లో అంగడి కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఆ మధ్యాహ్నం వేరే పని మీద పోయిన మా బావతో ఫ్యూజు పోయిందని చెప్పాను. ఊరు కూడా అలాంటిదేదో అనుకుంది, పందిట్లో ఉన్న ఆ నలుగురైదుగురు మాత్రం పిలుపు అందరూ విన్నారనుకుని దాని మాట ఎత్తలేదు. గదిలో టేప్‌రికార్డర్ క్యాసెట్టు అయిపోయి ఆగి ఉంది. వైరు పందిట్లో నుంచి మొదట దానికే వచ్చేది, కాబట్టి ప్లగ్గు పీకడంతో దానికి సంబంధం లేదు, అది తన పని తాను చేసుకుపోయింది. వెనక్కు తిప్పి విన్నాను.

నన్ను తిట్టింది నాలుగు వాక్యాలే. "సదివి ఏం నేర్సుకున్యాడంటే, అడక్కుండా మనిషి గొంతు ఎత్తుకోని పోయేది. కోళ్ళు ఎత్తుకోని పోయేవోడన్నా సీకటి పడేదాకా కాసుకోనుంటాడు. ఈడు పట్టపగలు వచ్చినాడు. వచ్చి, దండం గూడా పెట్టి పోయినాడు." దండం పెట్టిన సంగతి నిజమే. ఆ తర్వాత, కోపం ఉన్నట్టుండి దిగిపోయిన గొంతుతో ఆయన అన్న మాటలు ఇవీ. "సరే, పోనీ. ఆ పిలగోడు లోపలికి పోయినాడు. బయట ఏం జరగతాందో వానికి తెలీదు. మిగతా కత కావాల్సినోళ్ళు లేసి రాండి. వచ్చిన్యాక సెప్తా. నేనీడనే ఉంటా."

అక్కడి నుంచి క్యాసెట్టు చివరిదాకా, దాదాపు పావుగంట, మాటల్లేవు. బెంచీ కిర్రుమంటుంది, ఎవరో దగ్గుతారు, చాలా దూరంగా ఒక బస్సు హారన్. రెండుసార్లు మామ గొంతు, మైకుకు ఎడంగా, "ఎవురన్నా వస్తాండారా సూడు," అని. చివర్న కాళ్ళ గజ్జెలు విప్పుతున్న చప్పుడు, ఒక కాలివి, కాసేపాగి రెండో కాలివి.

సరిగ్గా ఆ పావుగంటే ఇళ్ళల్లో జనం హోరు పెట్టే రేడియోల ముందు కూర్చుని ఉన్నారు. మా అమ్మ మా ఇంట్లో చుట్టుపక్కల ఆడవాళ్ళను ఎవరినీ లేవనివ్వలేదట, సెట్టు మీద చెయ్యి వెయ్యనివ్వలేదట, తమ్ముడు నీళ్ళు తాగడానికి ఆగి ఉంటాడు, ఇప్పుడే అందుకుంటాడని. పిలిచినవాడు పందిట్లో, పిలుపు అందనివాళ్ళు ఇళ్ళల్లో, ఒకరి కోసం ఒకరు ఎదురుచూశారు. మధ్యలో ఉన్న వైరు నేను పీకినది.

మర్నాడే కురబలకోటకు పోయి చెప్పి ఉండొచ్చు. చెప్పాలంటే ముందు ఆయన నన్ను దొంగ అన్నది నిజమేనని ఒప్పుకోవాలి, దానికి నేను సిద్ధంగా లేను. ఉత్సవం పెద్దలు వాల్మీకిపురం నుంచి ఇంకొకాయన్ను పిలిపించారు, ఆయన ఒకరు ఆపిన చోట తాను అందుకోనని, తర్వాతి ఘట్టం నుంచి మొదలుపెట్టాడు. కాబట్టి పుంగనూరు శ్రోతల వరకు ఆ కుర్రవాడు ఆ వ్యూహంలోంచి బయటికీ రాలేదు, లోపల చావనూ లేదు. ఆ ఏడు వానలు సరిగా పడలేదు, దానికీ నా వైపే చూశారు. ప్రభుత్వానికి మా స్టేషన్ సంగతి చివరిదాకా తెలియనే తెలియదు. మేము ఏ జీపు కోసం కిటికీలోంచి తొంగి చూస్తూ గడిపామో ఆ జీపు రాలేదు. నేనే ఏరియల్ విప్పేశాను.

మామ ఆ తర్వాత ఎక్కడా కథ చెప్పలేదు. సగంలో ఆపినవాడికి ఇంకో కథ మొదలుపెట్టే అర్హత లేదని ఆయన లెక్క. పుంగనూరులో అడుగు పెట్టలేదు. పిలిస్తే రాని ఊరని ఒకటే మాట. అంతకు ముందే అనుకున్న మేనరికం గనక రెండేళ్ళు నానబెట్టి నాకు కూతురినిచ్చాడు, ఒక షరతు మీద, సగంలో ఆగిన ఆ కథ క్యాసెట్టు ఆయన కళ్ళ ముందు కాల్చాలి. మదనపల్లె పెళ్ళిమంటపం వెనకాల కాల్చాను. ఏ క్యాసెట్టు కాల్చానో మీకు ముందే తెలుసు. మా బావ పెళ్ళి నాదస్వరం చాలా బాగా మండింది, తన క్యాసెట్టు ఏమైందో ఆయన తర్వాత కనిపెట్టాడు. అసలుది ఎందుకు దాచానో నాకే సరిగా తెలియదు. ఆయన్ను ఎప్పుడో ఒకప్పుడు దెబ్బతీయడానికని కొంత, కాల్చడానికి చెయ్యి రాక కొంత.

కొన్నేళ్ళకు మా అమ్మ పుంగనూరులో పోయింది. తోడబుట్టిన తమ్ముడు రాలేదు. నేను చేసిన తప్పుకు తన మీద కోపం పెట్టుకున్నాడని అనుకుంటూనే పోయింది. అప్పుడైనా నేను నోరు తెరవలేదు, పైగా ఆయన రాకపోవడాన్ని ఆయన దుర్మార్గానికి సాక్ష్యంగా పదిమందికీ చెప్పుకున్నాను.

ఇదీ, గడియారంతో ఆయన ఆ మాట అన్న మధ్యాహ్నం మా హాల్లో పోగైన సరుకు. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ క్యాసెట్టు ఉంటే పెట్టమంది. తండ్రి కథ చెప్పగా ఆమె విన్నది చిన్నప్పుడే. అటక మీద ప్రిజములు, అయస్కాంతాలు ఉన్న ట్రంకుపెట్టెలోంచి దాన్ని తీసుకొచ్చాను, ఆ అమ్మాయి సంచిలోంచి ఒక ప్లేయర్ తీసింది.

మామ కళ్ళు మూసుకుని విన్నాడు. ఒకచోట మృదంగం ఎక్కువైందని గడియారానికి ఫిర్యాదు చేశాడు. తిట్లు వచ్చాయి, ఆ అమ్మాయి నేల చూసింది, నా భార్య మాత్రం నా ముఖమే చూసింది. తర్వాత పిలుపు. తర్వాత ఆ పావుగంట. ఎవరూ దాన్ని ముందుకు తిప్పమనలేదు. గజ్జెల చప్పుడు కూడా అయిపోయాక ఆయన కళ్ళు తెరిచాడు.

"సూసినారా, అంతగా పిలిచినా ఒకడన్నా రాలే," అన్నాడు గడియారంతో. "మా అక్క గూడా రాలే."

ఆ చివరి మాట లేకపోతే నేను ఇంకో పదేళ్ళు హాయిగా నోరు మూసుకుని ఉండేవాణ్ణి.

"వాళ్ళకు వినపడలేదు మామా," అన్నాను. "మీరు పిలిచింది ఊరికి పోలేదు. నేను వైరు పీకేసినాను."

ఆయన నా వైపు తిరిగాడు. అన్నేళ్ళలో మొదటిసారి.

"యాడ పీకినావు?"

"బీయస్సీ అన్యాక."

"అంటే పిలిచింది ఎవురికీ తెలీదు."

"తెలీదు. అమ్మ రేడియో ముందరే కూర్చోనుండె. మీరు మళ్ళా మొదలుపెడతారని ఎవుర్నీ లేవనీలేదంట."

ఆయన అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "సచ్చిపోతే గూడా పోలేదు కదప్పా నేను," అన్నాడు. అది నాతో అన్నాడో ఎవరితో అన్నాడో తెలియదు. ఇన్నేళ్ళ తిట్లలో ఏదీ నాకు అంత సూటిగా తగల్లేదు, అది తిట్టు కాకపోయినా.

ఆ అమ్మాయి పాపం, ఏదో ఒకటి చెయ్యాలని, కావాలంటే తిట్లున్న భాగం తీసేసి కథ వరకే పెడతానంది. నేను పెద్దమనిషి తరహాలో, నా కోసం కాదు, మామ మర్యాద కోసం అదే మంచిదన్నాను.

"యాలమ్మా కోసేది?" అన్నాడు మామ ఆమెతో. "తిట్లలో తప్పేముండాది? మొత్తం పెట్టు. ఆ పిలిచింది మాత్రం బాగా వినపడేటట్టు పెట్టు."

మిగతా కథ ఇప్పుడు చెబుతారా తాతా, రికార్డు చేసుకుంటానని ఆమె అడిగింది. ఆయన ఆమె ముఖం, కూతురి ముఖం, నా ముఖం వరుసగా చూశాడు. "వినాల్సినోళ్ళు పోయినారు గదమ్మా," అని లేచి గదిలోకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అది ఇంటర్నెట్టులో ఉంది. నా పాత విద్యార్థులు ఫోన్లు చేస్తున్నారు, కోళ్ళ దొంగ ముక్క వాళ్ళకు బాగా నచ్చిందట, ఒకడు దాన్ని రింగుటోనుగా పెట్టుకున్నాడు. మామ నన్ను క్షమించాడని అనుకోకండి. గడియారాన్ని వదిలేసి ఇప్పుడు నేరుగా నాతోనే అంటున్నాడు, కాఫీ సంగతీ ఫ్యాను సంగతీ, అదే గొంతుతో. మా అమ్మ సంగతి ఇద్దరం ఎత్తం.

ఆ అమ్మాయి మొన్న ఫోన్ చేసి, మాటలు ఆగిన చోట వినేవాళ్ళందరూ ఆపేస్తున్నారని, ఆ పావుగంట ఎవరూ వినడం లేదని చెప్పింది. వాళ్ళను తప్పు పట్టలేను. ఇవాళ ప్రతివాడి జేబులోనూ ఒక స్టేషన్ ఉంది, ఎవరి లైసెన్సూ అక్కర్లేదు, నచ్చని గొంతు నొక్కడానికి ప్లగ్గు దాకా చెయ్యి చాచే శ్రమ కూడా లేదు, ఒక గొంతు ఆగితే వేలితో పక్కకు తోసి ఇంకో గొంతుకు పోతారు. ఆగిన గొంతు మళ్ళీ వస్తుందని ఉత్త హోరు వింటూ ఊరు ఊరంతా కూర్చున్న మధ్యాహ్నం ఒకటుండేది. ఆ పావుగంట ఆ ఊళ్ళో లేనివాణ్ణి నేనొక్కణ్ణే.